తీసుకెళ్ళడం అనే క్రియ

“అమ్మని బండి మీద శ్రీశైలం తీసుకెళ్ళాను.” ఈ వాక్యంలో వ్యాకరణదోషం ఏమీ లేదు. ‘నేను’ పైకి కనపడకపోయినా క్రియ చివర దర్జాగా కూచునే ఉంది. ఇప్పుడు ‘అమ్మని’ తీసేసి ఆ చోట ‘సూట్‌కేసుని’ పెట్టి చూడండి. వాక్యం చెక్కుచెదరదు. అరవై దాటిన అమ్మానాన్నల గురించి మనం వాడే క్రియలన్నీ దాదాపు ఇలాంటివే. చూపించాం, తిప్పుకొచ్చాం, ఎక్కించాం, దింపాం, జాగ్రత్తగా చేర్చాం. కొరియర్ వాళ్ళు కూడా ఇవే మాటలు వాడతారు.

ఈ క్రియలతో నడిచే యాత్రాకథనాలు ఈమధ్య తెగ వస్తున్నాయి. కొడుకు (దాదాపు ఎప్పుడూ కొడుకే) ఉద్యోగానికి సెలవు పెట్టి, అమ్మనో నాన్ననో వెనక ఎక్కించుకుని లడాఖో కన్యాకుమారో పోతాడు. మొదటి పేరాలో డాక్టరు వద్దంటాడు. రెండో పేరాలో చుట్టాలు నవ్వుతారు. చివర్లో ఏదో కొండ, సూర్యాస్తమయం, అమ్మ కళ్ళల్లో నీళ్ళు. ఆ నీళ్ళు ఎందుకొచ్చాయో అమ్మ చెప్పదు, కొడుకే చెబుతాడు. అన్ని రోజుల ప్రయాణంలోనూ ఆవిడకి ఒక్కసారి కూడా బాత్రూము అవసరం పడదు. నడుం పట్టేయదు. విసుగు రాదు. “ఇక్కడేం బాలేదురా, పోదాం పద” అనే మాట ఆవిడ నోట రాదు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, బొటనవేలు పైకెత్తి, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది.

నాకు ఈ కథనాలంటే ఒళ్ళు మంట. అందులో ప్రేమ లేదని కాదు. ఆ ప్రేమంతా ముందు సీట్లోనే కూచుని ఉంటుంది, అదీ నా గొడవ.

2018 జనవరిలో మైసూరు నుంచి డి. కృష్ణకుమార్ అనే ఆయన ఉద్యోగం వదిలేసి, వాళ్ళ నాన్న బజాజ్ చేతక్ స్కూటర్ మీద తల్లి చూడారత్నగారితో తీర్థయాత్రకి బయల్దేరారు. మాతృసేవా సంకల్పయాత్ర అని పేరు పెట్టుకున్నారు. వేల కిలోమీటర్లు, ఏళ్ళ తరబడి. 2019లో ఆ వార్త దేశమంతా తిరిగింది. ఒక పారిశ్రామికవేత్త మెచ్చి కారు బహుమతిగా ఇస్తానన్నారు. నాకు ఆ తల్లీకొడుకుల మీద ఏ ఫిర్యాదూ లేదు. అంత ఓపిక నాకు లేదు కూడా. నా ఫిర్యాదు ఆ వార్తకి మనం తగిలించిన శీర్షిక మీద: ‘ఆధునిక శ్రవణకుమారుడు’. తల్లి పక్కనుంటే చాలు, కొడుక్కి ఈ బిరుదు రెడీగా ఉంటుంది. కూతురికి మాత్రం అది అరుదుగానే దక్కుతుంది. నేను మా అమ్మతో బండి మీద ఐదు రోజులు వెళ్తున్నానని చెబితే నాకొచ్చిన బిరుదు ‘బాధ్యత లేనిది’.

శ్రవణకుమారుడి కథని ఒకసారి సరిగ్గా చూడండి. వాల్మీకిలో ఆ పిల్లవాడికి పేరు లేదు, భుజాన కావడీ లేదు. రాత్రిపూట కుండ ముంచడానికి ఏటికి వచ్చి, దశరథుడి బాణం తగిలి చచ్చిపోయాడు. కావడి తర్వాత కథల్లో, బొమ్మల్లో వచ్చి చేరింది. చేరాక మిగతా కథంతా వెనక్కి పోయి కావడి ఒక్కటే మిగిలింది. ఎందుకు మిగిలిందో నాకో అనుమానం. కావడిలో కూచున్న ఆ ముసలివాళ్ళకి చూపు లేదు. ఎటు పోతున్నామో కనపడదు, దారి బాగుందో లేదో తెలీదు, ఆపమనే పని లేదు. మనకి కావలసిన తల్లిదండ్రులు వాళ్ళే. మోస్తే పుణ్యం, ప్రశ్నలు సున్నా.

ఇక నా సంగతి. నాకు 34, అమ్మకి 63. డిసెంబరు రెండో వారంలో హైదరాబాదు నుంచి మన్ననూరు, సున్నిపెంట, దోర్నాల, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట మీదుగా తెనాలి. ఐదు రోజులు. బండి 350 సీసీ. ఈ ఆలోచన నాది కాదని మొదటే చెప్పాలి. నాన్న పోయి నాలుగేళ్ళయింది. మొన్న ఉగాదికి, భోజనాల దగ్గర, ఎవరూ ఏమీ అడక్కుండానే, “నీ బండి మీద సున్నిపెంట పోయొద్దామే” అంది. నేను వెంటనే ఫోన్ తీసి శ్రీశైలం దర్శనం టికెట్లు వెతకబోయాను. “గుడికెవరన్నారు?” అంది.

మన ఇళ్ళల్లో యాభై ఐదు దాటాక మనిషికి ఒకటే ప్రయాణం మిగులుతుంది, తీర్థయాత్ర. కాశీ, రామేశ్వరం, తిరుపతి, షిర్డీ. పిల్లలం కూడా అదే పంపిస్తాం. వాళ్ళు కూడా అదే అడుగుతారు, ఎందుకంటే పుణ్యం పేరు చెబితేనే ఇంట్లో గడప దాటనిస్తారని ఆడవాళ్ళకి చిన్నప్పుడే తెలుసు. మా పెద్దమ్మ జీవితంలో చూసిన సముద్రాలన్నీ గుడి పక్కన ఉన్నవే. భక్తిని నేను తీసిపారేయడం లేదు, అమ్మ కూడా రోజూ దీపం పెడుతుంది. కానీ అరవైమూడేళ్ళ మనిషికి దేవుడు తప్ప ఇంకేం కావాలి అని మనం ముందే తీర్మానించేసుకోవడం మర్యాద కాదు.

ఆవిడకి కావలసింది ఒక క్వార్టరు. 1981లో పెళ్ళి చేసుకుని తెనాలి నుంచి శ్రీశైలం ప్రాజెక్టు కాలనీకి కాపరానికి వెళ్ళింది. నాన్న అక్కడ వర్క్ ఇన్‌స్పెక్టరు. అన్నయ్య అక్కడే పుట్టాడు. ఆరేళ్ళు ఉన్నారు. ఆ డ్యాము కింద మునిగిన ఊళ్ళ మనుషులు కొందరు పనికోసం మళ్ళీ ఆ డ్యాము దగ్గరికే వచ్చేవాళ్ళట, వాళ్ళలో ఒకామె అమ్మకి బాలింతప్పుడు నీళ్ళు పోసింది. ఆ క్వార్టరు ఉందో లేదో తెలీదు, ఆమె ఉందో లేదో అంతకంటే తెలీదు. ఇంకోటి, దోర్నాల ఘాటు. పెళ్ళయిన మూడోరోజు బస్సులో కిటికీ పక్కన మామగారు కూచున్నారు, కొత్తకోడలు లోపలి వైపు. కడుపులో తిప్పుతుంటే తలవంచుకుని, కొంగు నోటికి అడ్డంపెట్టుకుని ఆ మలుపులన్నీ దాటింది. “నల్లమల అంటారు గానీ, నేను చూసింది బస్సు నేలమీద రేకు” అంది. అడవిని తలెత్తుకుని చూడాలనుంది. కోరిక ఇంతే.

దానికి బండే ఎందుకు, కారులో పోవచ్చుగా? అందరూ అడిగే ప్రశ్న. నేనూ అడిగాను. దానికి అమ్మ చెప్పిన జవాబు విన్నాక ఇంకెవరితోనూ ఈ విషయం మీద వాదించడం మానేశాను.

నాన్న 1988లో చేతక్ కొన్నారు. దాదాపు ఇరవై రెండేళ్ళు అమ్మ దాని వెనక కూచుంది, చీరలో, ఒక పక్కకి తిరిగి, రెండు కాళ్ళూ ఎడమవైపు వేసుకుని. అన్నయ్య ముందు నిలబడేవాడు, నేను వాళ్ళిద్దరి మధ్య ఇరుక్కుని. అలా కూచున్న మనిషికి రోడ్డు ఎడమ పక్క మాత్రమే కనపడుతుంది. మెడ తిప్పితే నాన్న చొక్కా. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా ఎడమవైపు ఏ కొట్టు ఎప్పుడు మూసేసి ఏ కొట్టు పెట్టారో ఇప్పటికీ వరసగా చెబుతుంది. (తిరిగొచ్చేటప్పుడు కుడి పక్క ఎడమ పక్క అవుతుంది కదా అని నేను తెలివిగా అన్నాను. “అవుతుంది. ముందేముందో మాత్రం పోయేటప్పుడూ కనపడలా, వచ్చేటప్పుడూ కనపడలా” అంది.) ఇప్పుడు కాళ్ళు రెండు వైపులా వేసుకుని, ముఖం ముందుకి పెట్టి కూచోవాలట. కారులో ఏసీ, వెనక సీటు, పాటలు అన్నీ ఉంటాయి. ఇది ఉండదు.

రాబర్ట్ పిర్సిగ్ పుస్తకం ‘జెన్ అండ్ ద ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’ మీలో చాలామంది చదివే ఉంటారు, చదవకపోయినా అలమరలో పెట్టుకుని ఉంటారు. 1974లో వచ్చింది. పదకొండేళ్ళ కొడుకు క్రిస్‌ని వెనక కూచోబెట్టుకుని మినెసొటా నుంచి కాలిఫోర్నియా దాకా పోతాడు తండ్రి. దారిపొడుగునా బండి గురించి, నాణ్యత గురించి, ప్లేటో గురించి ఆలోచిస్తాడు. పిల్లవాడికి కడుపునొప్పి, ఏడుపు, మొండితనం. ఎందుకో తండ్రికి అర్థం కాదు. పుస్తకం చివరికొచ్చాక గానీ ఆ పిల్లవాడు ఫుట్‌రెస్టుల మీద నిలబడి తండ్రి భుజం మీదుగా ముందుకి చూడడు. చూశాక తెలుస్తుంది, అన్నాళ్ళూ వాడికి కనపడింది తండ్రి వీపు ఒక్కటేనని. ఆ పుస్తకాన్ని తత్వం కోసం మెచ్చుకునేవాళ్ళే అందరూ. నాకు మాత్రం ఆ ఒక్క భాగం కోసమే అది గొప్ప పుస్తకం. అన్ని వందల పేజీల మేధావికి వెనక కూచున్నవాడి చూపు ఎంత దూరం ఆనుతుందో పట్టలేదు!

మన చట్టానికి పట్టింది, నిజం చెప్పాలంటే. 1989 నాటి సెంట్రల్ మోటారు వెహికల్స్ రూల్సులో 123వ రూలు చూడండి. మోటారుసైకిలుకి వెనక కూచునేవాళ్ళు పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్ళు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు ఉండాలి, బట్టలు చక్రంలో చుట్టుకోకుండా వెనక చక్రానికి కనీసం సగం దాకా కప్పు ఉండాలి. చీరగార్డు అంటామే, అదే. ఆ రూలు రాసినవాళ్ళెవరో గానీ వెనక సీటు మనిషిని కాళ్ళతో చేతులతో కొంగుతో సహా ఊహించుకున్నారు. షోరూములో బండి డెలివరీ తీసుకోగానే కుర్రాళ్ళు మొట్టమొదట పీకి పారేసేది ఆ చీరగార్డునే, లుక్కు పాడవుతుందని. నా బండిక్కూడా సెకండ్ హ్యాండులో కొన్నప్పటికే అది లేదు.

సరే, అమ్మ చీర కట్టుకోవడం లేదు. జీవితంలో మొదటిసారి పంజాబీ డ్రెస్సు కుట్టించుకుంది, మూడు జతలు, కాటన్‌వి, నడుం దగ్గర కాస్త వదులుగా. పెద్దమ్మ వీడియో కాల్‌లో చూసి “ఈ వయసులో ఇదేం వేషమే?” అంది. “చల్లగా ఉంది, నువ్వూ కుట్టించుకో” అంది అమ్మ. ఇదంతా రెండు నిమిషాల్లో తేలిపోయిన విషయంలా రాస్తున్నాను గానీ, ఆ డ్రెస్సు వేసుకుని లిఫ్టులో కిందికి దిగడానికి ఆవిడకి తొమ్మిది రోజులు పట్టింది. మన యాత్రాకథనాల్లో పాస్ ఎక్కామని రాస్తారు, ఎత్తు ఇన్ని వేల అడుగులని రాస్తారు. మూడో అంతస్తు నుంచి సెల్లారుకి దిగడం గురించి ఎవరూ రాయరు.

ఎక్కడం ఇంకో కథ. ఎడమ ఫుట్‌రెస్టు మీద కాలేసి, నా భుజం పట్టుకుని లేచి, కుడికాలు అవతలికి వేయాలి. మోకాలు ఒప్పుకోదు. సెల్లారులో మెట్టు పక్కన బండి ఆనించి ఆపితే మెట్టు మీంచి నేరుగా ఎక్కగలుగుతోంది. అంటే ఏమిటి? దారిలో మేము ఆగే ప్రతిచోటా ఒక అరుగో మెట్టో రాయో ఉండాలి. వ్యూ పాయింటు ఉన్నా లేకపోయినా ఫరవాలేదు. వెనక బాక్సు ఆవిడ వీపుకి ఆనేలా బిగించాను. వెనక షాక్ అబ్జార్బర్లు ఇద్దరి బరువుకి సరిపడా బిగించుకోవాలి, వెనక టైరులో గాలి ఇంకాస్త ఎక్కువ పెట్టించాలి, ఇవి మాన్యువల్లోనే రాసుంటాయి, వందలో తొంభైమంది చూడరు. హెల్మెట్ బరువు మెడ మీద ఎలా పడుతుందో తెలియాలి గనక అమ్మ నా హెల్మెట్ పెట్టుకుని రోజూ సాయంత్రం ఒక సీరియలు చూస్తోంది. మొదట ఒకటి, ఇప్పుడు రెండు. నేను ఈ మధ్య చూసిన దృశ్యాలన్నిటిలోకీ గొప్పది ఇదే, ఫోటో తీయనివ్వలేదు.

ఇప్పుడు అసలు విషయం. మా ఆఫీసులో ఒకబ్బాయి ఇలాంటి ట్రిప్పులకి ఎక్సెల్ షీటు తయారుచేస్తాడు. రోజు, కిలోమీటర్లు, పెట్రోలు, హోటలు, చూడాల్సినవి. నాకూ పంపించాడు, మంచివాడు. అందులో బాత్రూముకి కాలమ్ లేదు. ప్రయాణం రోజున మన అమ్మలు ఏం చేస్తారో మీకు తెలుసా? పొద్దున్నుంచీ నీళ్ళు తాగరు. పెళ్ళికి పోయినా అంతే, బస్సెక్కినా అంతే. యాభై ఏళ్ళ అలవాటు. ఎక్కడాగాలో తెలీదు గనక దాహాన్నే వాయిదా వేస్తారు. బండి మీద, గాలికి, నీళ్ళు తాగకుండా బీపీ ఉన్న మనిషి ఐదు గంటలు కూచుంటే ఏమవుతుందో డాక్టర్ని అడగక్కర్లేదు. అందుకని నా షీటులో మొదటి కాలమ్ అదే. ముప్ఫై ఐదు, నలభై కిలోమీటర్లకి ఒకటి. పెట్రోలు బంకులో బాత్రూము ఉంటుంది, దానికి తాళం ఉంటుంది, ఆ తాళంచెవి ఉన్న అబ్బాయి అప్పుడే భోజనానికి వెళ్ళి ఉంటాడు. నేను రెండు ఆదివారాలు ఒక్కదాన్నే ఆ రోడ్డు మీద డిండి దాటి పోయి, ఏ బంకులో తాళం తీస్తారో, ఏ హోటల్లో మోకాళ్ళు మడవక్కర్లేని కమోడ్ ఉందో చూసొచ్చాను. నా జీవితంలో చేసిన అత్యంత ఉపయోగకరమైన సోలో రైడ్లు అవే.

హైదరాబాదు నుంచి శ్రీశైలం 215 కిలోమీటర్లు. మన కుర్రాళ్ళు తెల్లారి బయల్దేరి టిఫిను వేళకి ఘాటులో ఉంటారు. మేము దాన్ని రెండు రోజులు చేశాం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అడవి దారి మూసేస్తారు, పులుల అడవి కదా. కాబట్టి చీకటి పడకముందే మన్ననూరులో ఆగిపోయి, మర్నాడు ఎండ వచ్చాక అడవిలోకి. తెనాలి నుంచి వెనక్కి అమ్మ రైల్లో వస్తుంది, నేనొక్కదాన్నే బండి మీద. “రానూపోనూ బండి మీదే అంటే అది సరదా కాదు, పంతం” అని ఆవిడే తేల్చింది. యాత్రాకథనం రాసేవాడైతే ఇక్కడ ఒప్పుకోడు. మొత్తం కిలోమీటర్లు సగానికి పడిపోతాయి మరి.

రెండో జట్టు ఉంది, వద్దనేవాళ్ళ జట్టు. వాళ్ళతో నాకు ఎక్కువ పోరు, ఎందుకంటే వాళ్ళ దగ్గర నిజాలున్నాయి. అన్నయ్య టెక్సస్ నుంచి ఫోన్ చేశాడు. “కారు మాట్లాడుకోండి, డబ్బులు నేను పంపిస్తా. నీ సరదాకి అమ్మ ప్రాణాల మీదికి తేవద్దు.” తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో మన రోడ్ల మీద చచ్చిపోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో 44 శాతం పైన రెండు చక్రాల బండ్ల మీద పోయినవాళ్ళే. ముప్ఫై ఏళ్ళవాడు పడితే కట్టుతో పోయేది, నెలసరి ఆగి పదిహేనేళ్ళయిన మనిషికి తుంటి విరుగుతుంది, తుంటి విరిగితే మళ్ళీ నడుస్తారని ఎవరూ హామీ ఇవ్వరు. అమ్మకి ఎముకల పరీక్ష చేయించాం. కాస్త పల్చబడ్డాయన్నారు.

ఆ రిపోర్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళితే ఆయన నన్ను అడిగారు: “ఆవిడకి నిద్ర బాగా పడుతోందా? ఆవిడ మాత్రలు టైముకి వేసుకుంటున్నారా?” ఆవిడ అక్కడే, ఆయనకి రెండడుగుల దూరంలో కూచుని ఉంది. చెవులు బ్రహ్మాండంగా వినిపిస్తాయి. నేను జవాబు చెప్పకుండా అమ్మ వైపు చూశాను. ఆయన మూడో ప్రశ్నా నన్నే అడిగారు. మంచి డాక్టరే, దురుద్దేశం ఏమీ లేదు. మనదేశంలో ముసలితనం అంటే ఇదే, మన సమక్షంలోనే మనం ప్రథమపురుషలోకి జారిపోవడం.

అందుకని ఆ రాత్రి అన్నయ్యని స్పీకర్లో పెట్టి, రవాణా శాఖ లెక్కలూ, ఎముకల రిపోర్టూ, తుంటి సంగతీ, అన్నీ అమ్మకి చదివి వినిపించాను. దాచిందేం లేదు. అంతా విని ఆవిడ అన్న మాట ఇది: “ఇరవై రెండేళ్ళు మీ నాన్న వెనక కూచున్నా. హెల్మెట్ లేదు, ఒళ్ళో సంచులు, మధ్యలో ఇది, ముందు నువ్వు. వానలో ఆస్పత్రికి పోయాం, అర్ధరాత్రి స్టేషనుకి పోయాం. అప్పుడెవరూ ఈ లెక్కలు చెప్పలేదేంరా?”

అన్నయ్య ఏమీ అనలేదు. నేనైతే ఆ మాట దగ్గరే ఆగిపోయాను. బియ్యం మూటకి, పిల్లల ఫీజుకి, అత్తగారి కంటి ఆపరేషనుకి ఎక్కినన్నాళ్ళూ అదే రోడ్డు, అదే బండి, అదే ఒళ్ళు, ఎవరికీ ప్రమాదం కనపడలేదు. ఆవిడ తనకోసం ఒకసారి ఎక్కుతాననేసరికి ఇంటిల్లిపాదికీ గణాంకాలు గుర్తొచ్చాయి. వద్దనేవాళ్ళ జాగ్రత్తలో నాకు నచ్చనిది ఇదే. అది ఆవిడ ప్రాణానికి కట్టిన విలువ అయితే 1988లోనే ఒక హెల్మెట్ కొని ఉండేవాళ్ళం. ఇప్పుడు కడుతున్నది మన మనశ్శాంతికి విలువ. అమ్మ సోఫాలో ఉంటే టెక్సస్‌లో నిద్ర పడుతుంది.

ప్రమాదం లేదని నేను అనడం లేదు. అరవై దాటించకూడదు స్పీడు, చీకటి పడ్డాక ఒక్క కిలోమీటరు కూడా వద్దు, మోచేతులకీ మోకాళ్ళకీ తుంటికీ గార్డులు ఉండాలి, వాన పడితే ఆ రోజు ఆగిపోవాలి. ఇవన్నీ ఆవిడతో కూచుని ఒప్పుకున్నవే. కొన్నిటికి ఆవిడ బేరం కూడా ఆడింది. హెల్మెట్లలో మాట్లాడుకునే ఇంటర్‌కామ్ పెడదామంటే “బండి మీద కూడా నీ మాటలు వినాలా?” అని తీయించేసింది. దాని బదులు భుజం మీద ఒక తట్టు తడితే మెల్లగా పో, రెండు తడితే ఆపు. ఎందుకు ఆపమన్నదో నేను అడగకూడదు. ఈ షరతు ఆవిడదే. మొదట్లో నాకు అర్థం కాలేదు, అడిగితే తప్పేముంది అనుకున్నాను. తర్వాత ప్రాక్టీసుకని ఇరవై కిలోమీటర్లు పోయినప్పుడు శంకరపల్లి రోడ్డులో రెండుసార్లు తట్టింది. ఆపాను. దిగలేదు. నీళ్ళు తాగలేదు. ఒక నిమిషం అలా కూచుని “ఇంక పోనీ” అంది. ఇల్లు, వంట, మాత్రలు, ఫంక్షన్లు, ఎక్కడైనా సరే ఆగాలంటే కారణం చెప్పుకోవాల్సిన మనిషి, కారణం లేకుండా ఒక 350 సీసీ బండిని రోడ్డు పక్కన ఆపించింది. ఆ ఆపించే అధికారం వెనక సీటుకి లేకపోతే అది మళ్ళీ కావడే.

మన సాహిత్యంలో తొలినాళ్ళ యాత్రాకథనం గుర్తుచేసుకోండి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి మర్నాడు సంవత్సరం తిరిగొచ్చాడు. శ్రీశైలం కూడా పోయాడు, ఆత్మకూరు వైపు నుంచి, ఇదే నల్లమలలోంచి. ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, ఏ ఊళ్ళో ఏ సరుకులు అమ్ముతారు, దారి ఇసుకా రాయా, బస చేయడానికి చోటుందా, అంతా రాశాడు. ఎక్సెల్ షీటు అంటే అదీ. ఆ పుస్తకం ఎప్పుడు తెరిచినా నాకు తట్టేది ఒకటే. రాసినవాడు పల్లకీలో కూచున్నవాడు. మోసిన బోయీల వైపు కథ మనకి లేదు. ఇప్పుడేమో మోసేవాళ్ళే రాస్తున్నారు, మోయించుకున్న మనిషి వైపు కథ లేదు. కలం ఎప్పుడూ హోదా ఎటుంటే అటే కూచుంటుందన్నమాట. మోసేవాడి చెమట లెక్కలోకి రావడానికి మనకి నూట యాభై ఏళ్ళు పట్టింది, వెనక కూచున్న అమ్మ చూపుకి ఇంకెన్నేళ్ళు పడుతుందో.

ఈ మాట అమ్మతో అంటే ఒక పాత డైరీ తీసింది, ఏదో ఫైనాన్స్ కంపెనీ వాళ్ళు ఎప్పుడో ఇచ్చింది. అందులో ఇప్పటికే నాలుగు పేజీలు రాసి ఉంది. అన్నీ ప్రయాణానికి ముందు సంగతులే. నేను చదవొచ్చా అంటే వద్దంది. ఈ వ్యాసం మాత్రం ఆవిడ చదివింది. రెండు చోట్ల కొట్టేసింది, ఒకచోట మోకాలి గురించి నేను తగ్గించి రాస్తే సరిచేసింది.

అన్నయ్య చివరికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. ఐదు రోజులూ నా ఫోన్‌లో లైవ్ లొకేషన్ ఆన్ చేసి ఉంచాలి. నాకైతే సబబుగానే అనిపించింది, సరే అనబోయాను. అమ్మ ఫోన్ లాక్కుంది.

“నువ్వు మొదటిసారి అమెరికా పోయినప్పుడు ఇరవై రెండు గంటలు ఏ ఆకాశంలో ఉన్నావో నాకు తెలీదు. దిగాక ఫోన్ చేశావు. నేనూ రాత్రికి చేరాక చేస్తా.”